పరీక్ష పూట పడకేసిన సర్వర్

కంప్యూటర్ ల్యాబు బయటే చెప్పులు విడవాలన్న నియమం నాకు మొదటినుంచీ గిట్టదు. ఎండాకాలం ఆ వరండాలో నిలబడి చూస్తే మీకూ గిట్టదు. ఆ నియమాన్ని బోర్డు మీద రాసింది మాత్రం నేనే.

అప్పట్లో నేను నల్గొండలో ఒక డిగ్రీ కాలేజీకి ల్యాబు ఇన్‌చార్జిని. ఆ రోజు పదింటికి ప్రాక్టికల్స్. ముప్ఫై మంది పిల్లల ప్రోగ్రాములన్నీ లినక్స్ నడిచే ఒకే సర్వర్‌లో ఉన్నాయి. తొమ్మిదింటికి అది జాగా లేదంటే, దాని గుండెకాయలాంటి కెర్నల్ తాలూకు పాత ప్యాకేజీలను, అంటే ఫైళ్ల మూటలను, పాత పేపర్లలా ఏరి పారేశాను. వాటిలో కొన్నింటి మీదే కొత్తవి ఆధారపడ్డాయట. ఆ తర్వాత మొదలుపెట్టిన అప్‌డేట్ సగంలో ఆగి, లేనివాటి జాబితా నా ముందు పెట్టింది. కొద్దిగా చెమట పట్టింది. చొక్కా పిండుకోవచ్చు.

"ఇంకెంతసేపు సారూ? పోరగాండ్లు వచ్చిన్రు," తలుపు దగ్గర అటెండర్ యాదమ్మ.

"అయిపోయింది," అన్నాను. ఏది అయిపోయిందో చెప్పలేదు.

పోయినవాటిని తిరిగి తెచ్చి అతికించే కమాండు మూడోసారికి పనిచేసింది. రీస్టార్ట్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది. బయట పిల్లలు చెప్పులు విడుస్తున్న చప్పుడు. చివరికి లాగిన్ అడిగింది. ప్రోగ్రాములన్నీ ఉన్నాయి.

నడుస్తున్నదాన్ని పరీక్ష పూట ముట్టుకోకూడదని ఆ రోజే తెలిసింది. ఆ మాటే యాదమ్మతో అంటే, ఆమె నా కాళ్లవైపు చూసింది.

"చెప్పులేసుకొని లోపల్కొస్తే ఖరాబు గాక ఏమైతది సారూ?"