సరోజినిగారు కాల్చిన దారం

పోయిన వారం హైదరాబాదులో ఒక సభకు వెళ్తే, వచ్చినవాళ్లందరికీ తలా ఒక సంచి ఇచ్చారు. మీద ఆకుపచ్చ అక్షరాలతో ‘ప్రకృతి నేస్తం’ అని అచ్చు వేసి ఉంది. ఇంటికొచ్చి నేను చేసిన మొదటి పని, దాని అంచు నుంచి ఒక పోగు లాగి, గిన్నె మీద పట్టుకుని అగ్గిపుల్ల గీయడం. పోగు ముడుచుకుని, కరిగి, చివర నల్లటి పూసలా గట్టిపడింది. ముక్కును కోసే ఘాటు వాసన వంటగదంతా నిండింది. మా ఆవిడ కిటికీ తెరుస్తూ, “మీ సరోజినిగారు వచ్చినట్టున్నారే,” అంది. ఆమెను మా ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఈ వాసనతోనే ఎరుగును.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో నేను సూరత్‌లో రైల్వే గుమస్తాను. ఉధ్నా వైపు క్వార్టర్స్‌లో సరోజినిగారు నా పక్కింటావిడ. ఒంగోలు మనిషి, రైల్వే ఆసుపత్రిలో నర్సు. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకు పోసేవారు. పప్పు ముందే నానబెట్టి, కుక్కర్ కూత వేయగానే మంట తగ్గించేవారు. కూరగాయల తొక్కలను చిల్లులు పెట్టిన పాత డ్రమ్ములో మట్టితో కలిపి వేసేవారు. మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే, అది నా గది అయినా సరే, గోడవతల నుంచి కేకేసేవారు. నాకు ఇదంతా అనుమానంగా ఉండేది. నేను పెరిగింది సంస్కరణ సభల్లో, వాదోపవాదాల మధ్య. మనిషిని మనిషికి దూరం చేసిన ఆచారాల్లో సగం ‘శుభ్రత కోసమే’ అన్న మాట చాటున బతికాయని అక్కడే నేర్చుకున్నాను. భూమాత పేరు చెప్పి ఆడవాళ్ల నెత్తిన ఇంకో చాకిరీ పెడుతున్నారేమోనని నా శంక. ఒకరోజు ఉండబట్టలేక, “ఇది కొత్త రకం మడా అండీ?” అని అడిగేశాను.

ఆవిడ తొక్కలు వేయడం ఆపలేదు. “మడి కట్టుకున్నవాళ్లను ఎందుకని అడిగితే కోపం వస్తుంది బాబూ. నన్ను అడుగు. కోపం వస్తుందేమో చూద్దాం.”

అడిగాను. వారాల తరబడి అడిగాను. ప్రతిదానికీ జవాబుండేది, లేనిచోట “తెలీదు, కనుక్కుంటాను” అనేవారు. ఈ రెండో జవాబు నేను పంతుళ్ల నోట గానీ, మా ఉపన్యాసకుల నోట గానీ ఎప్పుడూ వినలేదు.

సూరత్‌లో గుడ్డకు కరువేముంటుంది? చీరల మార్కెట్‌లో కత్తిరించగా మిగిలిన ముక్కలను చిందీ అంటారు, మూటలు కట్టి తూకానికి అమ్ముతారు. ప్లాస్టిక్ కవర్ల బదులు ఆ చిందీతో సంచులు కుట్టిద్దామని సరోజినిగారికి తోచింది. కుట్టింది లక్ష్మి. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేతకారుల కుటుంబం, సూరత్ శివార్లలోని ఉన్‌ అనే పేటలో కాపురం. భర్త సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, రాత్రి పాళీ చేసి చేసి దగ్గు పట్టి చిక్కిపోయాడు. మెత్తగా ఉన్న గుడ్డ చూసి, అమ్మేవాడు ప్యూర్ కాటన్ అని ఒట్టు పెట్టడం విని, ఇద్దరూ నమ్మారు. కొన్నాళ్లకు క్వార్టర్స్‌లో ఏ చేతిలో చూసినా ఆ సంచే. “చిరిగాక మట్టిలో వేయండి, మట్టైపోతుంది,” అని సరోజినిగారు ఇంటింటికీ చెప్పారు. క్లబ్బు సెక్రటరీ రావుగారు ఉత్సాహపడి పై అధికారిని సభకు పిలిచారు. ప్లాస్టిక్ లేని క్వార్టర్స్ అని బహుమతి, రైల్వే కాలనీలన్నిటికీ సరిపడా సంచుల ఆర్డరు లక్ష్మికి, రెండూ ఆ సభలోనే ఇస్తారట. ఆ ఆర్డరు వస్తే భర్తను రాత్రి పాళీ మాన్పించాలని లక్ష్మి ఆశ.

సభకు కొద్దిరోజుల ముందు సరోజినిగారు డ్రమ్ము బోర్లించారు. తొక్కలన్నీ నల్లటి మట్టయ్యాయి. వాటితోపాటు ఎప్పుడో వేసిన సంచి ముక్క మాత్రం, కుళాయి కింద కడిగితే, పువ్వులతో సహా కొత్తదానిలా బయటపడింది. ఆవిడ చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత లోపలికెళ్లి గాయాలకు కట్టు కట్టే నూలు గుడ్డ తెచ్చి, దాని పోగొకటి, సంచి పోగొకటి వెలిగించారు. మొదటిది కాగితంలా కాలి బూడిదైంది. రెండోది కరిగి పూస కట్టింది.

“పాలిస్టర్ బాబూ. ప్లాస్టిక్ వద్దని ప్లాస్టిక్కే పంచాను.”

సభలో నిజం చెప్పేస్తానని ఆవిడ అన్నది విని, ఆ సాయంత్రమే రావుగారు వచ్చారు. గొంతు తగ్గించి, “ఇప్పుడు ఇదంతా ఎందుకమ్మా? జనానికి సంచి అలవాటైంది. నిజం చెబితే రేపటి నుంచి మళ్లీ కవర్లే. నమ్మకం పాడుచేయకండి,” అన్నారు. నాకు ఒళ్లు మండింది. దేవుడు లేకపోయినా భయమన్నా ఉండనివ్వండని మా ఊళ్లో పెద్దలు వాదించేది అచ్చం ఇలాగే.

“రోగి లేచి కూర్చున్నాడని ఉత్తి నీళ్లను మందనమంటారా రావుగారూ?” అన్నారు ఆవిడ. “ఆ పని నాకు రాదు.”

గుమ్మం దగ్గర నిలబడ్డ లక్ష్మి మాత్రం వాదించలేదు. “అక్కా, జర సభ అయ్యేదాంక ఊకో. ఆర్డరు చేతికొచ్చినంక చెప్పు,” అంది. సరోజినిగారు తడబడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

సభలో ఆవిడ అధికారి పక్కనే నిలబడి సంచి దారం కాల్చారు. తాను మోసపోయానని, మట్టైపోతుందని తాను చెప్పిన మాట తప్పని చెప్పారు. “ఉన్న సంచులు పారేయకండి. తెగేదాకా వాడండి, అప్పటికి ఎన్ని కవర్లు తప్పుతాయో అన్నీ లాభమే. మట్టిలో మాత్రం వేయకండి.” అధికారి వాచీ చూసుకున్నారు. బహుమతి వాయిదా పడింది, ఆర్డరూ దాంతోపాటే పోయింది. చాలామంది కవర్లకు తిరిగిపోయారు. “నర్సమ్మగారూ, వంకాయలు కాల్చి చూసే కొన్నారా?” అని సంతలో వేళాకోళం. లక్ష్మి ఇటువైపు రావడం మానేసింది.

సరోజినిగారు ఇల్లిల్లూ తిరిగి పాత లుంగీలు, పంచెలు, వెలిసిన నూలు చీరలు పోగుచేశారు. మూట నెత్తిన పెట్టుకుని ఉన్‌కు బస్సెక్కారు. వెంట నేనూ వెళ్లాను. లక్ష్మి తలుపు తీసింది గానీ కూర్చోమనలేదు. సరోజినిగారు మూటమీద అగ్గిపెట్టె పెట్టి, “నా మాట కూడా నమ్మకు. ఒక్కో గుడ్డా కాల్చి చూసుకుని కుట్టు,” అన్నారు. లక్ష్మి మూట విప్పి ఒక పోగు లాగింది. అగ్గిపుల్ల గీసింది. కాసేపటికి, “అక్కా, గీ రావుగారి భార్య చీర గూడ కరిగింది. కాటన్ కాటనని ఎంత గొప్పలు వోయిందో,” అని నవ్వాపుకోలేకపోయింది. తర్వాత సంచులు అమ్ముడయ్యాయి, కొద్దికొద్దిగా. భర్త రాత్రి పాళీ మాత్రం ఆగలేదు. ఆ సంగతి సరోజినిగారు ఎప్పుడూ దాచలేదు. ఎవరైనా తనను పొగడబోతే ముందు అదే చెప్పేవారు.

నేను సూరత్ వదిలేటప్పుడు ఆవిడ నాకొక సంచి ఇచ్చారు. నూలుది కాదు, ఆ మొదటి చిందీ సంచే. “ఇది అబద్ధపు సంచి. తెగేదాకా మొయ్యి,” అన్నారు. ఈ ఉదయం కూడా దానితోనే రైతుబజారుకు వెళ్లొచ్చాను. పువ్వులు కాస్త వెలిశాయి. కుట్లు రెండుసార్లు వేయించాను. గుడ్డ మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు.