ఎడమ కాలి బూటు

గిరిజాకుమారి ఎడమ కాలికి బూటు నిలిచేది కాదు. కుడి బూటు బుద్ధిగా సాయంత్రం దాకా ఉండేది. ఎడమది మాత్రం నడుము పట్టుకుని నడిచే మనిషి కనబడగానే ఊడిపోయేది. బస్సులో ఊడింది, సూపర్‌మార్కెట్ క్యూలో ఊడింది, చివరికి కాలేజీలోనూ ఊడింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

"నా తప్పేం లేదమ్మా. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. మా ఊళ్ళో ఎవరికి నడుం పట్టేసినా మా అరుగు మీద బోర్లా పడుకునేవాళ్ళు. ఎడమకాలితో మూడుసార్లు తొక్కేదాన్ని, లేచి పోయేవాళ్ళు. ఆరేళ్ళప్పుడే ప్రెసిడెంటుగారిని తొక్కాను. ఆ కాలికి అలవాటు పోలా" అనేది.

ఈ కథ అందరికంటే ఎక్కువసార్లు విన్నది నీలిమ. ఈ పరాయిదేశపు ఊరు నేవన్‌లోనే పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళి ఒకే క్లాసులో కైరోప్రాక్టిక్ చదివేవారు; వెన్నెముకను చేతులతో సరిచేసే చదువది. నీలిమకు ఇరవై రెండేళ్ళు, గిరిజాకుమారికి నలభై నాలుగు. తొమ్మిదేళ్ళు నర్సింగ్ హోములో కేరర్‌గా ముసలివాళ్ళను లేపీ పడుకోబెట్టీ, ఆ నడుముల సంగతేమిటో చదివే తేల్చుకుందామని చేరింది.

పొద్దున్నే దీపం పెట్టుకుని బస్సెక్కి, వెన్నుపూసల పేర్లు సహస్రనామంలా రాగం తీసి చదివేది. నీలిమ కిటికీలోకి ముఖం దాచుకునేది.

"ఆంటీ, ప్లీజ్. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. వెన్నుపూసలు ముప్పై మూడు, దేవతలు ముప్పై మూడు కోట్లు. పూసకో కోటి. దండం పెట్టకుండా ఎలా చదువుతావే?"

పరీక్షలో మాత్రం నీలిమకు ఆ రాగమే గుర్తొచ్చేది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

తెలుగువాళ్ళ పుట్టినరోజు విందులో ఒకసారి చెర్రీవుడ్ వైపు ఏదో ఆఫీసులో పనిచేసే జనార్దనరావు, పట్టేసిన నడుముతో హాలు మధ్య కార్పెట్ మీద బోర్లా పడుకున్నాడు.

"అమ్మాయ్, ఆ ఎడమకాలు ఒక్కసారి ఆనించిపో."

"ఇప్పుడు కాలు మానేశాను అన్నయ్యగారూ. చేతులే. అవి కూడా సారు పక్కనుంటేనే."

"చదువుకుని చెడిపోయావు" అని ఆయన బాధపడ్డాడు. తొక్కకపోయినా బూటు మాత్రం ఊడింది. అందరూ కేకు దగ్గరికి వెళ్ళాక కూడా ఆమె గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని ఏదో లేసు కడుతూనే ఉంది.

ఆఖరి సంవత్సరంలో కాలేజీ క్లినిక్‌కి నిజమైన రోగులు వస్తారు. అక్కడ పెద్ద ఫిన్‌బార్ సారు. వెన్నుల పండితుడే గాని, ఆయన పెన్ను కింద పడితే తీసివ్వాల్సింది విద్యార్థులే. "నేను గ్రాండ్" అంటూ గోడ పట్టుకుని నిలబడేవాడు; బాగానే ఉన్నానని అక్కడివాళ్ళు అనే మాట అది. క్లినిక్‌లో రెండు కాళ్ళకూ బూట్లుండాలన్నది ఆయన నియమం. మూడుసార్లు తప్పితే ఆ ఏడు పోయినట్టే.

మొదటిసారి పట్టుబడినప్పుడు నీలిమే దుబాసీ అయింది. సిగ్గుతో తడబడి, "సార్, ఈమెకు కాళ్ళు ముందు పుట్టాయి" అంది ఇంగ్లీషులో.

సారు ఆలోచించాడు. "గ్రాండ్. మిగతా మనిషి ఎప్పుడు పుట్టింది?"

క్లాసంతా నెల రోజులు నవ్వింది. రెండోసారి ఎవరూ నవ్వలేదు. హెచ్చరిక కాగితం మీద వచ్చింది.

"ఇంకోసారి అయితే ఇయర్ పోతుంది ఆంటీ. నాలుగేళ్ళు చదివి, షూ వల్లనా?"

"కాలికి చెప్పి చూస్తాలేమ్మా."

ఆఖరి ప్రాక్టికల్ రోజు నీలిమ ఆ కాలిని నమ్మలేదు. తనే వంగి ఎడమ లేసుకు రెండు ముళ్ళు వేసింది. నోట్సు రాసే పని కూడా ఆమెదే గనక గదిలోనే నిలబడింది.

వచ్చిన రోగి ఓవెన్ అనే ముసలి రైతు. గిరిజాకుమారి కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, ఆయన వీపు మీద చెయ్యి వేసింది. ఆ చేతులు ఎక్కడా తడుముకోలేదు. ఏ పూస దగ్గర ఆగాలో అక్కడే ఆగాయి. ఓవెన్ పెద్ద నిట్టూర్పు వదిలి, "ఈ ఏడాదిలో ఇదే మంచి ఊపిరి" అన్నాడు. సారు పాస్ అని రాయడానికి పెన్ను తీశాడు. నీలిమకు ఛాతీ పొంగింది.

ఓవెన్ బల్ల దిగి, బూట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వాటి వంక చూశాడు, నేల వంక చూశాడు.

"సాయం చేయమంటారా?" అంది నీలిమ.

"వద్దమ్మా. నేను గ్రాండ్" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు నీలిమ కళ్ళారా చూసింది. గిరిజాకుమారి బల్ల వెనక్కి జరిగి, కుడికాలి మొనతో ఎడమ మడమ నొక్కింది. రెండు ముళ్ళూ ఉన్నవి ఉన్నట్టుండగానే బూటు ఊడివచ్చింది.

"అయ్యో, నా షూ" అంటూ ఆమె నేల మీద చతికిలపడింది. లేసు లాగుతూ, తలెత్తకుండానే, "మీవీ ఇలా ఇవ్వండి తాతగారూ, ఎలాగూ కిందే ఉన్నాను కదా" అంది తన ఇంగ్లీషులో.

ఓవెన్ పాదం ముందుకు చాపాడు.

నీలిమ నోట్సు రాయడం ఆపేసింది. మొదటిసారి బూటు ఊడినప్పుడు గదిలో ఉన్నది మోకాళ్ళ దాకా బూట్లు వేసుకునే ముసలమ్మ. రెండోసారి వంగలేని బస్సు డ్రైవరు. విందులో జనార్దనరావు. ఒక్కరికీ సాయం అడగాల్సిన పని పడలేదు.

"మూడోసారి" అన్నాడు సారు.

"సార్, ఆమె..." అంటూ నీలిమ ముందుకొచ్చింది. "షీ ఈజ్ మై ఆంటీ" అంది.

సారు నేల మీది మనిషిని, ఓవెన్ బూట్ల మీద పువ్వుల్లా విచ్చుకున్న ముళ్ళను చాలాసేపు చూశాడు. పాస్ అని రాశాడు. గోడ మీది నియమాల కాగితం దగ్గరికి వెళ్ళి, బూట్ల వాక్యం కింద ఒక ముక్క చేర్చాడు: "వేరొకరికి తొడిగేటప్పుడు తప్ప."

సాయంత్రం బస్సుకు బయల్దేరుతుంటే నీలిమే రాగం తీసి వెన్నుపూసలు మొదలుపెట్టింది, దారిన పోయేవాళ్ళు వినేలా. వరండా చివర ఫిన్‌బార్ సారు గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కుడి బూటు లేసు ఊడి నేల మీద జీరాడుతోంది.

"బాగున్నారా సార్?" అంది నీలిమ.

"గ్రాండ్, గ్రాండ్."

నీలిమ పక్కకు చూసింది. గిరిజాకుమారి ఎడమ బూటు అప్పటికే ఊడిపోయింది.