ఒక చుట్టు ఎక్కువ

ఉదయగిరి కొండ మీది మంచు కోట గోడల్ని ఇంకా వదల్లేదు. బస్టాండు సెంటర్లో హిదాయతుల్లా జెండాను మోకాళ్ల మీద పరుచుకుని మడతల్లో బంతిపూల రేకులు పోస్తున్నాడు. కొయ్య గరిటెలు చెక్కే చేతులు అవి. ఆ గరిటెల్ని కట్టలు కట్టి ఆత్మకూరు అంగడికి పంపేటప్పుడు వేసే ముడినే జనవరి ఇరవయ్యారున జెండాకూ వేస్తాడు. ఎంత కుదిపినా ఊడదు. కొస పట్టి లాగితే చాలు, పువ్వులా విచ్చుకుంటుంది. నాయన నేర్పిన ముడి. నాయన పోయాక ఊరు ఆయన పేరు కూడా ఇతనికే ఇచ్చేసింది: జెండా సాయిబు.

ఈసారి ఆ పేరు బరువుగా ఉంది. కిందటేడు సరిహద్దులో కాల్పులు జరిగినప్పటి నుంచి టీ అంగట్లో అతను అడుగుపెడితే మాటలు సన్నగిల్లుతున్నాయి. నిన్న మాధవ్, చిన్నప్పుడు అతనితో కొయ్య బొంగరాలు చేయించుకుపోయినవాడే, టీ గ్లాసు ఊపుతూ నవ్వాడు.

"భాయ్, రేపు జెండా సరిగ్గా ఎగరాల. ఊడి కింద పడిందనుకో, మీవోళ్లు కావాలనే చేసినారంటారు జనం."

"మీవోళ్లంటే ఎవర్రా?"

"తమాషాకన్నాలే భాయ్."

ఆ తమాషా ఇంకా అతని వేళ్ల మధ్య తిరుగుతోంది. ఊడి పడితే? ముడి వేశాడు. కుదిపి చూసుకున్నాడు. ఎన్నడూ లేనిది, ఇంకో చుట్టు చుట్టి బిగించి, మూటను స్తంభం పైకెక్కించాడు.

ఊరి పెద్ద రైతు రామనారాయణ వచ్చి తాడు లాగాడు. పైన మూట ఊగింది, విచ్చుకోలేదు. మళ్లీ లాగాడు.

"ఏంది సాయిబూ, జెండా ఇంకా నిద్ర లేవలా?"

ఇంకో ఏడైతే సెంటరంతా నవ్వేది. ఎవరూ నవ్వలేదు. ఫోన్లు లేచాయి.

హిదాయతుల్లా పరుగున వెళ్లి జెండా దించాడు. ఎక్కువ పడ్డ చుట్టును గోటితో ఊడదీసి, పైకెక్కించి, తనే లాగాడు. రేకులన్నీ అతని తల మీదే రాలాయి.

"ఇట్ట చూసి జై హింద్ అను, భాయ్." మాధవ్ ఫోను ముఖం ముందుకొచ్చింది.

ఏటా ఆ కేక మొదట అతనిదే. ఎవరూ అడక్కముందే లేచేది. ఇప్పుడు అడిగారు. అన్నాడు, కావలసినదానికన్నా గట్టిగా. ఎవరో పరాయివాడు సాక్ష్యం చెబుతున్నట్టు తన గొంతు తనకే వినిపించింది.

జనం చెదిరాక రామనారాయణ అతని భుజం మీద చెయ్యి వేశాడు, ప్రేమగానే.

"వచ్చే ఏడు నువ్వు కట్టబాక సాయిబూ. పిల్లోళ్లు చూసుకుంటార్లే. కాలం బాగలేదు, నీకెందుకీ తలనొప్పి?"

"మా నాయన కట్టినాడన్నా..."

"తెలుసులేవయ్యా."

మాధవ్ తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు. దయను తిట్టలేక ఇంటి దారి పట్టాడు.

ఇంట్లో భార్య సాయిరా ఆత్మకూరు బస్సుకు గరిటెలు పేర్చి పెట్టింది. అతను తాడు తీసుకుని కూర్చున్నాడు. చొక్కా మడతలోంచి ఒక బంతిరేకు ఒళ్లో రాలింది.

"జెండా బాగా ఎగిరిందా?"

"ఎగిరింది."

"మరి ముడి అట్టా బిగిస్తా ఉండారేంది? అంగడాయన విప్పలేక మనల్ని తిట్టుకుంటాడు."

చూసుకున్నాడు. ఒక చుట్టు ఎక్కువ పడింది. విప్పి మళ్లీ కట్టాడు.

మళ్లీ ఎక్కువే పడింది.