గార్డు పెట్టె వచ్చేదాకా

నా చిన్నప్పుడు మా అమ్మ ప్రతి గురువారం మధ్యాహ్నం కూరలకని సంచీ పట్టుకుని రైల్వే గేటు దాకా నడిచేది. ఉక్కు ప్లాంటు కాలనీ సెక్టర్ 7లో మా క్వార్టరు పక్క వీధిలోనే కూరలు దొరికేవి. అయినా నన్ను వెంటబెట్టుకుని అంత దూరం వెళ్లేది. మూడుంపావుకి ఒక మెయిలు బండి వచ్చేది. అది మా దగ్గర ఆగేది కాదు. దాని చిట్టచివర, గార్డు పెట్టె తలుపు దగ్గర, తెల్లబట్టల్లో పచ్చజెండా పట్టుకుని మా మామయ్య నిలబడి ఉండేవాడు. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు.

మామయ్య రైల్వే కాలనీలో ఒక క్రైస్తవుల అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. అప్పటినుంచి మా నాన్న అతన్ని ఇంటికి రావద్దన్నారు, అమ్మను కలవొద్దన్నారు. ఆ బండి పక్క స్టేషను దుర్గ్‌లో ఆగేది. వెళ్తే రెండు నిమిషాలైనా మాట్లాడుకోవచ్చు. అమ్మ వెళ్లలేదు. నేనొకసారి అడిగితే, "కలవొద్దన్నారు గానీ చూడొద్దనలేదు కదే" అంది. గేటు దగ్గర కదలకుండా నిలబడేది. చెయ్యి కూడా ఊపేది కాదు. బండి పోయాక నాలుగు వంకాయలు కొనుక్కుని ఇంటికి వచ్చేవాళ్లం.

పక్కింటి బాబాయిది కూడా మా శ్రీకాకుళం వైపే. ప్లాంటులో క్రేను నడిపేవాడు. మామయ్య రాసే కార్డులు ఆయన పేరనే వచ్చేవి. ఒకరోజు వచ్చిన కార్డులో, తనకు చాలా దూరం బదిలీ అయిందని, వచ్చే గురువారమే ఈ దారిలో ఆఖరుదని ఉంది. అమ్మ దగ్గర తమ్ముడి ఫోటో ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. బాబాయే గ్రహించినట్టున్నాడు, తన కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ గురువారం ఆయనకు డ్యూటీ ఉంది. రీల్లో ఒక్క ఫోటోకే చోటు మిగిలింది.

ఆ కెమెరాకు తనంతట తనకు ఏమీ తెలియదు. ఎదురుగా ఉన్నది ఎన్ని అడుగుల దూరంలో ఉందో మనమే అంచనా కట్టి, ముందున్న రింగు అక్కడికి తిప్పాలి. రీలు వృథా కాకుండా, మీట నొక్కడానికి బదులు నోటితో "టక్" అనమన్నాడు బాబాయి. తను సైకిలెక్కి మా వీధిలో అటూ ఇటూ తొక్కాడు. నేను కెమెరా ఆయన వెంట తిప్పుతూ, రింగు కూడా తిప్పుతూ, టక్ అనేసరికి ఆయన నాలుగిళ్లు దాటిపోయేవాడు.

"ఏటే, సైకిల్నే పట్టలేకపోతన్నావు, రైల్ని పడతావేటి?" అని నవ్వాడు.

నాకు ఏడుపొచ్చింది. అప్పుడు సైకిలు దిగి మా మెట్ల మీద కూర్చున్నాడు. కరిగిన ఉక్కు నిండిన కుండను క్రేనుతో తీసుకెళ్లేటప్పుడు తను కుండ వంక చూస్తూ బ్రేకు వెయ్యడట. ఎక్కడ వేస్తే అది ఊగకుండా ఆగుతుందో అక్కడ ముందే క్రేను నడిచే పట్టా మీద సుద్దగీత గీసుకుని, కన్ను ఆ గీత మీదే ఉంచుతాడట. "వచ్చేదాని ఎనకాల పరిగెట్టకు తల్లీ. అదెక్కడికొస్తాదో చూసుకుని, అక్కడ ముందుగా నువ్వుండు" అన్నాడు.

మర్నాడు నన్ను గేటు దగ్గరికి తీసుకెళ్లి, పట్టాల పక్కన సున్నం కొట్టిన రాయి ఒకటి చూపించాడు. నేను నిలబడాల్సిన చోటునుంచి దానికి అడుగులు కొలిచి రింగు తిప్పి పెట్టాడు. ఇంజను వస్తే చూడొద్దు, బోగీలు లెక్కపెట్టొద్దు. గార్డు పెట్టె తలుపు ఆ రాయి దగ్గరికి వచ్చేదాకా రాయినే చూడాలి.

గురువారం బండి వచ్చింది. అక్కడ వంపు ఉండటంతో నెమ్మదిగానే వచ్చేది. నేను రాయినే చూస్తున్నాను. బోగీలు ఒకటొకటిగా దాటిపోతున్నాయి. తెల్లబట్టలు రాయి దగ్గరికి రావడమూ, నా పక్కన సంచీ కిందపడిన చప్పుడూ, నా వేలు మీట నొక్కడమూ ఒక్కసారే జరిగాయి. కెమెరా దించి చూస్తే అమ్మ పక్కన లేదు. పట్టాల పక్క దారిలో, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, బండితోపాటు పరిగెడుతోంది.

రీలు కడిగించాక ఫోటో వచ్చింది. మామయ్య జెండా మడతలతో సహా స్పష్టంగా ఉన్నాడు, అమ్మ ఉన్న వైపే చూస్తూ. ఈ పక్కన, కెమెరాకు దగ్గరగా, చెయ్యెత్తిన ఒక చీర అలుక్కుపోయి ఉంది. ముఖం తెలియడం లేదు. కొన్నాళ్లకు ఆ ఫోటో నాన్న కంటపడింది. మామయ్య గురించి ఒక్క మాట అనలేదు. "ఈ పరిగెడుతున్నదెవరు?" అని మాత్రం అడిగారు. నిజంగా తెలియకనో, తెలిసే అడిగారో నాకిప్పటికీ అంతుపట్టదు.

"ఎవరో పాపం, బండి తప్పిపోయినట్టుంది" అంది అమ్మ.

ఆ తర్వాత అమ్మ తన తమ్ముణ్ణి చూడలేదు.

మొన్న ఆదివారం వైశాలి నగర్ పార్కులో నా మనవరాలు తన కెమెరా నాకిచ్చింది. "అమ్మమ్మా, నువ్వేం చెయ్యకు. ముఖం మీద డబ్బా వస్తుంది, అదే వెంట పోతుంది. బస్, బటన్ దబా దేనా, నొక్కితే చాలు" అంది. పరిగెడుతున్న పిల్లల మీద నిజంగానే చిన్న చతురస్రం వాలింది. అందరికన్నా దగ్గరున్న పిల్ల ముఖాన్ని పట్టుకుని వదలకుండా వెంట వెళ్లింది. ఇదే ఆ రోజు నా చేతిలో ఉంటే అమ్మనే పట్టుకునేదేమో అనిపించింది. అప్పుడు మామయ్య అలుక్కుపోయేవాడు. అమ్మకు కావలసింది మామయ్య ఫోటోనే. కానీ ఇన్నేళ్లకు నాకు కావలసింది అమ్మ. ఆమెవి ఉన్న ఫోటోలన్నింటిలోనూ చేతులు కట్టుకుని బిగుసుకుని నిలబడి ఉంటుంది. పరిగెత్తింది ఈ ఒక్కదాంట్లోనే.

బాబాయి మాట నాకు ఉద్యోగం చేసినన్నాళ్లూ అక్కరకొచ్చింది. రాబోయేదాని దగ్గర ముందుగా ఉండటం నాకు బాగానే తెలుసు. పక్కన నిలబడ్డవాళ్లను చూడటమే ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఇంటికి వచ్చి ఆ ఏటి డైరీ తీశాను. నేను రాసిన మొదటి డైరీ అది. ఆ గురువారం పేజీలో గుండ్రని చేతిరాతతో, "రాయికి పదిహేనడుగులు. ఎండ బాగుంది. మామయ్య వచ్చాడు. నొక్కాను" అని ఉంది. కింద సగం పేజీ ఖాళీ. ఎప్పుడూ పాత పేజీల్లో దిద్దే అలవాటు లేని నేను, పెన్ను తీసి ఇంకొక్క వాక్యం చేర్చాను.

అమ్మ పరిగెత్తింది.