తేనె డబ్బా కడిగిన నీళ్లు

సీసా మూత తీసిన చప్పుడు వింటే నాకు ఇప్పటికీ గుండె జారిపోతుంది. పెళ్లి విందైనా సరే, టీ దుకాణంలో ఎవరో సోడా కొట్టించుకున్నా సరే. ముసలిదానికి భయం ఎక్కువ అనుకుంటారు. తుపాకులు మోగే ఈ ఊళ్లో చప్పుళ్లకి భయపడని వాళ్లెవరు? కానీ నా భయం వేరు. ఏళ్ల తరబడి దాన్ని ఒక్కదాన్నే మోస్తున్నాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. చర్చి బడిలో అక్షరాలు నేర్చుకున్నాను, అంతే. తప్పులుంటే సర్దుకోండి.

రంగూన్‌లో మాది తేనె వైను చేసే ఇల్లు. మా మామగారి కాలంలో క్రిస్మస్‌కి ఇంటి మట్టుకు పెట్టేవారు. మద్యం ముట్టని పక్కవీధి బాప్టిస్టులు మా గుమ్మం ముందు ముక్కు మూసుకుని పోయేవారు, పండగ దాటాక దగ్గు మందని చెప్పి గ్లాసుడు అడిగి పట్టుకుపోయేవారు. తరవాత నా కొడుకు దాన్నే వ్యాపారం చేశాడు. ఎగువ ఊళ్ల నుంచి రేగుపూల తేనె రేకు డబ్బాల్లో వస్తుంది. నీళ్లు కలిపి, ఈస్టు వేసి, జాడీల్లో పులియబెడతాం.

పులియడం ఆగిందో లేదో చెప్పడం మా మరిది యోహాను పని. జాడీకి చెవి ఆనించి కళ్లు మూసుకునేవాడు. లోపల బుడగలు చిటపటమంటుంటే "ఇంకా కబుర్లాడతంది" అనేవాడు. ఆగితే "నిద్రపోనాది వదినా" అనేవాడు. ఆ మాట వచ్చాకే సీసాల్లో పోసి మూతలు బిగించేవాళ్లం. నిద్రపోయిన వైనుకి మళ్లీ తేనె తగలకూడదు. తగిలితే లేస్తుంది. మూత బిగించాక లేస్తే దానికి దారి ఉండదు, సీసా పగులుతుంది. ఇదంతా అతను నాకు ఎన్నోసార్లు చెప్పాడు. తెలియక చేశాననడానికి నాకు వీల్లేదు.

తేనె వైను చేసేవాళ్లంతా చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి రంగూన్‌లో పండగ పెట్టుకుంటారు. ఒక ఏడు మాకు మొదటిసారి చోటిచ్చారు. యోహాను పొద్దున్నే జాడీ విని, నిద్రపోయిందని చెప్పి, సీసాలు తేవడానికి వెళ్లాడు. నేను ఖాళీ తేనె డబ్బాలు కడుగుతున్నాను. అడుగున, మూలల్లో తేనె పట్టుకుని ఉంది. వేణ్ణీళ్లు పోసి తిప్పితే చిక్కగా, బంగారంలా వచ్చింది.

నేను పారబోసే మనిషిని కాదు. గంజి పారబోయను, సబ్బు ముక్క పారబోయను. కోడలు అన్నం గిన్నె కడిగితే తొట్టిలో ఎన్ని మెతుకులు పోయాయో చూసేదాన్ని. అలాంటి నా చేతులతో తేనెనీళ్లు కాలవలో పోయాలా? ఇంత పెద్ద జాడీకి ఈ కాసిని నీళ్లు ఏం చేస్తాయి అనుకున్నాను. మూత తీసి పోసేశాను. గరిటెతో కలిపాను కూడా. పోసేముందు వీధి వైపు ఓసారి చూశాను. తప్పు కాదనుకుంటే ఎవరైనా అలా చూస్తారా? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. జవాబు ప్రతిసారీ ఒకటే.

మర్నాడు, యోహాను ముందురోజు మాట మీదే, సీసాల్లో పోసి మూతలు బిగించాం. పండగనాటికి వాటి లోపల వైను మళ్లీ లేచిందని ఎవరికి తెలుసు? సేక్కాన్‌లో, నది ఒడ్డున, ఒక గోదాము ఆవరణలో బల్లలు వేశారు. ఎండ మండిపోతోంది. సీసాల పెట్టెలు చాలాసేపు ఎండలోనే ఉండిపోయాయి. కోడలు ఒక సీసా తీసి గుడ్డతో తుడుస్తోంది. ఒక్కసారిగా పేలింది. దాని పక్కది, దాని పక్కది. జనం తుపాకులనుకుని బల్లల కింద దూరారు. పిల్లల ఏడుపులు. నేను మాత్రం నిలబడే ఉన్నాను. అవి తుపాకులు కావని నాకు తెలుసు. ఎందుకు పేలాయో ఆ క్షణంలోనే నాకు తెలుసు.

కోడలు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది. కన్ను నిలిచింది కానీ చూపు నిలవలేదు. ఎడమ పక్క ఆమెకి ఇప్పటికీ మసకే.

అందరూ యోహాను వైపు చూశారు. నిద్రపోయిందని చెప్పింది అతనే కదా. ఆసుపత్రి వరండాలో అతను నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు.

"వదినా, కోప్పడకు. నాను ఇన్నప్పుడు సప్పుడు లేదు. జాడీలో ఏటైనా పడ్డాదేటి?"

అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. కానీ అవతల నా కొడుకు గోడకి తల ఆనించి ఏడుస్తున్నాడు. నా పొదుపు వాడి పెళ్లాం కన్ను తీసిందని తెలిస్తే ఆ ఇంట్లో నేను ఎక్కడ కూర్చోవాలి? ఎవరి చేతి అన్నం తినాలి?

"ఏటి పడతాది? నీ సెవి సెడిపోనాది. అది ఒప్పుకోలేక నా మీద పెడతన్నావేటి?"

అతను చెయ్యి చెవి మీద పెట్టుకున్నాడు.

"అంతే అయ్యుంటాది వదినా."

నా మీద అరిచినా బాగుండేది. నమ్మేశాడు. ఇల్లు వదిలి ఊరి చివర లైంగ్‌థార్యార్ వెళ్లి, బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకి కుదిరాడు. క్రిస్మస్‌కి వస్తే చివర్న కూర్చుంటాడు. కోడలు వడ్డిస్తుంది, మాట్లాడదు. ఎవరేమన్నా "ఏటి?" అని రెండోసారి అడుగుతాడు. మొదటిసారే విన్నాడని నాకు తెలుస్తూనే ఉంటుంది. తన చెవిని తానే నమ్మడు. కోడలి కన్ను కోరి పోగొట్టలేదు. ఆ చెవిని మాత్రం కావాలనే పోగొట్టాను.

ఇన్నాళ్లకి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నా మనవరాలు రూతు మళ్లీ జాడీలు పెట్టింది. ఈ ఏడు పండగకి వెళతానంటోంది. మొన్న మధ్యాహ్నం తేనె డబ్బాలు కడుగుతుంటే చూశాను. కడిగిన నీళ్లు గిన్నెలోకి వంచి, పులియడం ఆగిన జాడీ మీదికి ఎత్తింది. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"పారబోయ్! కాలవలో పారబోయ్!"

రూతు నవ్వింది. "మామ్మా, నువ్వేనా పారబోయమంటన్నావ్? ఒంట్లో బాగుందా? నా సిన్నప్పుడు నువ్వే పోసినావు, నాను సూసినాను."

గుమ్మంలో కోడలు సీసాలు తోముతోంది. తోమడం ఆపింది. ఎడమ పక్క సరిగ్గా కనబడదు కనక తల మొత్తం ఇటు తిప్పి నన్ను చూసింది. మళ్లీ తోమడం మొదలుపెట్టింది. విందా? అర్థమైందా? ఆ రోజు నుంచి ఆమె కంచం నా ముందు పెట్టిన ప్రతిసారీ తల దించుకునే తింటున్నాను.

రేపు యోహాను వస్తాడు. జాడీ వినమని రూతు కబురు పెట్టింది. నాకు చెవి లేదమ్మా అంటాడు. చెవి చెడిందన్నది నేనే కదా, అందరూ నా వైపు చూస్తారు. ఏం చెప్పాలో తెలుసు. నోరు వస్తుందో రాదో తెలియదు. క్షమించమని అడగను. అడిగే మొహం లేదు, వాళ్లు క్షమించాలని కూడా లేదు.

ముందు ఇక్కడ రాస్తున్నాను. జాడీలో తేనెనీళ్లు పోసింది నేను. యోహాను చెవి మంచిదే.

రాశాక ఆ రెండు మాటలూ పైకి చదువుకున్నాను. మాట బయటికి వచ్చింది. పక్కన కొత్త జాడీ ఇంకా కబుర్లాడుతోంది. ఆ చప్పుడు వినబడితే మొన్నటిదాకా లేచి వెళ్లిపోయేదాన్ని. ఇవాళ వింటూ కూర్చున్నాను.