హనుమయ్యగారి ఒంటి తుమ్ము

తొంభై దగ్గర పడుతున్నా హనుమయ్యగారిని మించిన అల్లరివాడు సరోజినీ నగర్ క్వార్టర్సులో లేడు. తెనాలి వదిలి ఢిల్లీ వచ్చి, సెక్షన్ ఆఫీసరుగా పనిచేసే కొడుకు రంగనాథ్ దగ్గర స్థిరపడ్డారు. చలికాలం ఎండలో సాగే పెన్షనర్ల పేకాటకి పెద్దదిక్కు ఆయనే, ముక్కలు దాచేదీ ఆయనే.

ఒక్కటే తంటా, కుడి గజ్జలో కోడిగుడ్డంత హెర్నియా. దగ్గితే బయటికొచ్చేది, పడుకుని వేలితో నెడితే లోపలికి పోయేది.

"ఆపరేషన్ ఇప్పుడు తీరిగ్గా చేస్తే తేలికే బాబూజీ. పేగు ఇరుక్కున్నాక హడావిడిగా చెయ్యాల్సొస్తే, ఈ వయసులో ప్రాణం మీదికొస్తుంది," అన్నాడు డాక్టరు.

కత్తంటే హనుమయ్యగారికి చచ్చే భయం. బల్లెక్కితే మళ్లీ దిగనని ఆయన నమ్మకం. ఆ మాట పైకంటే పరువు పోదూ? అందుకని కోడలి నమ్మకాన్ని అడ్డం పెట్టుకున్నారు.

ఒంటి తుమ్ము వినిపిస్తే కోడలు జానకీదేవి ఎవర్నీ గడప దాటనివ్వదు. వెంటవెంటనే రెండైతే మాత్రం శుభమే. మానేశానని అందర్నీ నమ్మించిన ముక్కుపొడుం డబ్బా ఇంకా హనుమయ్యగారి మొలలోనే ఉంది. ఆసుపత్రికి బయల్దేరినప్పుడల్లా చాటుగా చిటికెడు పీల్చి, గడప దగ్గర ఇల్లదిరేలా ఒకే ఒక్క తుమ్ము తుమ్మేవారు.

"అయ్యో, ఆగండి మావయ్యగారూ! లోపలికొచ్చి మంచినీళ్లు తాగండి. ఆసుపత్రికి ఇంకో రోజు వెళ్దురుగాని."

"నువ్వు చెప్పాక కాదంటానా అమ్మాయ్!"

రంగనాథ్ తల పట్టుకుని, "జానే దో భయ్యా," అంటూ ఆటోవాణ్ణి పంపేసేవాడు.

జనవరిలో ఓ రోజు పొడుం మోతాదు మించింది. తుమ్ము ధాటికి పేగు బయటికి తన్నుకొచ్చి ఇరుక్కుపోయింది. పడుకున్నా నెట్టినా కదల్లేదు. నొప్పి, వాంతులు. ఆ కంగారులో శకునం ఎవరికీ గుర్తే రాలేదు.

ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర వార్డుబాయ్ స్ట్రెచర్ తొయ్యబోతుండగా, ఫినాయిలు ఘాటుకి జానకీదేవి తుమ్మింది. ఒక్కటే. ఆమె ముఖం పాలిపోయింది.

"వద్దు, కాసేపాగండి," అంటూ స్ట్రెచర్ కమ్మీ పట్టేసుకుంది.

ఆగితే తన పని అయిపోయినట్టేనని హనుమయ్యగారికి తెలిసిపోయింది. బతకాలని అంత ఆశ ఆయనకి ఎన్నడూ కలగలేదు. గుప్పిట్లో దాచిన పొడుం డబ్బా ఆమెకి అందించారు.

"పీల్చమ్మా! రెండోది తుమ్మేయ్!"

"అంటే ఇన్నాళ్లూ మీరు..."

"ముందు తుమ్ము తల్లీ. తిట్లు తర్వాత, నేనుంటే."

ఆ చివరి మాటకి ఆమె కళ్లు చెమర్చాయి. పీల్చింది, తుమ్మింది. స్ట్రెచర్ లోపలికెళ్లింది.

ఆ ఒక్కచోటే మత్తిచ్చి కోశారు. అదృష్టం, పేగు నల్లబడలేదు. కుట్లు పడుతున్నంతసేపూ ఆయన డాక్టరుకి పేకాట కిటుకులు చెబుతూనే ఉన్నారట.

ఇంటికి పంపిన రోజు ఆటో ఎక్కబోతుంటే, చలిగాలికి హనుమయ్యగారికి తుమ్మొచ్చింది. ఈసారి నిజం తుమ్మే, అదీ ఒక్కటే. ఆయన ఠక్కున ఆగిపోయారు.

"ఎక్కండి మావయ్యగారూ. మీ తుమ్ములకి మా ఇంట్లో విలువ పోయింది," అంది జానకీదేవి. డబ్బా ఇప్పుడు ఆవిడ సంచిలో ఉంది.

హనుమయ్యగారు మెల్లిగా గజ్జ తడుముకున్నారు. ఏదీ బయటికి రాలేదు. ఆటో ఎక్కి కూర్చున్నారు.