కారుకు కోసిన కంబళి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది మా పెదనాయన కారు. నోరులేని వస్తువు కాబట్టి పడింది, మనిషైతే ఎప్పుడో ఇల్లు విడిచి పోయేది. తిట్టేది మా జేజి, అంటే మా నాయనకూ పెదనాయనకూ అమ్మ. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ మొదలుపెట్టేది. కారు చుట్టూ ఊడ్చేదే తప్ప దాని కింద ఒక్క చీపురుపుల్ల కూడా ఆనించేది కాదు. "దానికి గడ్డేసినావా? నీళ్ళు పెట్టినావా? ఈనుతుందేమో చూసుకో" అని పెదనాయనను అడిగేది. నవ్వు పుట్టించే మాటలే కానీ మా ఇంట్లో ఎవరూ నవ్వేవారు కాదు.

మాది కుందుర్పి పక్కన గొర్రెల మీద బతికిన ఇల్లు. వాన సంగతి పెద్దవాళ్ళు చెప్పుకుంటే వినడమే తప్ప మేం పిల్లలం దాన్ని చూసింది తక్కువ. వరసగా కరువులొచ్చి, బావుల్లో అడుగు తేలి, మేపడానికి తుమ్మకాయలు కూడా దొరకని ఏడాది మా పెదనాయన మందను తోలుకుపోయి అమ్మేశాడు. జేజిని అడగలేదు. ఆమె పక్క ఊళ్ళో ఎవరో పోతే పలకరించడానికి వెళ్ళి వచ్చేసరికి దొడ్డి ఖాళీగా ఉంది. తన చేత్తో పాలు తాపి పెంచిన పొట్టేలు కూడా పోయింది. ఆ డబ్బుతో పెదనాయన అనంతపురంలో ఎవరో వాడి వాడి విసిగిపోయిన కారు కొని, పెళ్ళిళ్ళకూ ఆస్పత్రులకూ బాడుగకు తిప్పడం మొదలుపెట్టాడు.

ఆయన చేసింది తప్పని నేను ఇప్పటికీ అనలేను. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఆ గొర్రెలు దొడ్లోనే చచ్చేవి. కానీ తల్లి పెంచిన మందను తల్లిని అడగకుండా అమ్మాడు. మా జేజి ఆ ఒక్క మాట పట్టుకుంది, మరి వదల్లేదు.

మంద పోయేముందు కత్తిరించిన ఆఖరి ఉన్నిని జేజి తానే వడికి, మా వీధిలోని నేతగాడి చేత కంబళి నేయించింది. అది నాదని, నా పెళ్ళికి ఇస్తానని చెప్పేది. మా వైపు కంబళి నేసేటప్పుడు పడుగుకు, అంటే నిలువు పోగులకు, చింతగింజల గంజి పట్టిస్తారు. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, నూరి, ఉడకబెట్టి, ఆ జిగురును ఉన్ని పోగులకు దట్టంగా పూస్తారు. అందుకే కొత్త కంబళి అట్టలా బిరుసుగా ఉంటుంది. కప్పుకుని, ఉతికి, ఎండేసి, కొన్నేళ్ళు వాడాక గంజి పోయి మెత్తబడుతుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు, మా ఊళ్ళో పిల్లకాయలకు కూడా తెలుసు. గంజి కాచిన రోజు ఆ కుండ తోమాల్సి వచ్చేది మేమే కాబట్టి మాకు ఇంకా బాగా తెలుసు.

ఒకరోజు కారు దగ్గడం మొదలుపెట్టింది. పెదనాయన దాన్ని వాకిట్లో నిలిపి, ముందు మూత ఎత్తి, నన్ను పిలిచాడు. ఆయనకు పిల్లలు లేరు, నేనంటే ప్రాణం. పెట్రోలు ఇంజనుకు పోయే దారిలో ఒక చిన్న గాజు గిన్నె ఉండేది. టాంకీలోంచి వచ్చే తుప్పూ, నీళ్ళూ, మట్టీ అందులో ఆగిపోవాలి, శుభ్రమైన పెట్రోలు మాత్రం పైకి పోవాలి. గిన్నె పైన సన్నని జల్లెడ. దాన్ని ఫిల్టరు అంటారని చెప్పి, పైపుకు ఉన్న కొళాయి కట్టేసి, తీగ బిగింపు వదులు చేసి, గిన్నెను మెల్లగా నా చేతుల్లో పెట్టాడు. అడుగున నీళ్ళు, పైన పెట్రోలు, ఒకదానితో ఒకటి కలవకుండా నిలిచి ఉన్నాయి.

"మన బాయిలో లేని నీళ్ళు ఈడ ఉండాయి చూడు పాపా" అన్నాడు. డబ్బాల్లో తెచ్చి అమ్మే పెట్రోల్లో నీళ్ళు కలుస్తాయట. నేను నవ్వాను. గడపలో కూర్చుని మా జేజి కూడా ఆ గిన్నె వైపే చూస్తోంది.

జల్లెడ చిరిగిపోయి ఉంది. కొత్తది బెంగళూరు నుంచి రావాలని, వచ్చేదాకా మెత్తని ఉన్ని గుడ్డ గుండ్రంగా కోసి పెట్టుకోమని అనంతపురం మెకానిక్కు చెప్పాడట. ఆ మాట పెదనాయన నాతోనే అన్నాడు, కానీ కాస్త గట్టిగా అన్నాడు. తల్లిని నేరుగా అడిగే ధైర్యం ఆయనకు లేదు. దండెం మీద జేజి పాత కంబళి వేలాడుతోంది, ఉతికి ఉతికి పంచెలా మెత్తబడింది. అందులో మూల ముక్క ఇస్తే చాలు.

జేజి లేచి లోపలికి పోయింది. వచ్చేటప్పుడు ఒక చేతిలో ఉన్ని కత్తిరించే కత్తెర, ఇంకో చేతిలో నా కొత్త కంబళి. దాన్ని పెదనాయన ముందు పరిచి, "ఇది కొయ్యి. పాతది చిల్లులు పడింది, పనికిరాదు" అంది.

పాతదే మెత్తగా ఉంటుంది కదా జేజీ అని నేను అన్నానో లేదో, ఆమె బొటనవేలు నా భుజంలో దిగింది. పెదనాయన ఇదేమీ చూడలేదు. ఆయన కత్తెర అందుకుని తల్లి ముఖంలోకి చూశాడు. కొత్త కంబళిలో ఏముంటుందో ఆయనకు తెలియదా? ఆయనా ఆ ఇంట్లో పుట్టినవాడే, ఆ గంజి కుండ తోమినవాడే. కానీ ఆ క్షణాన ఆయన కళ్ళకు కంబళి కనబడలేదు, ఇన్నాళ్ళకు తనకొకటి ఇస్తున్న అమ్మ కనబడింది. "పాప కోసరం పెట్టుకున్నావు కదమ్మా" అన్నాడు. "కొయ్యమంటాండా కదా" అంది జేజి.

గిన్నె అంచును కొలతగా పెట్టి, గుండ్రంగా కోశాడు. ముక్కను జల్లెడ ఉండే చోట అమర్చి, గిన్నె బిగించి, కొళాయి తిప్పి, ఇంజను వేశాడు. కారు బ్రహ్మాండంగా పలికింది. పెదనాయన కళ్ళు తుడుచుకుని, ఒకసారి ఎక్కి కూర్చోమని తల్లిని పిలిచాడు. "ఇంగోసారి ఎక్కుతాలే" అని ఆమె లోపలికి పోయింది.

వంటింట్లో నన్ను దగ్గరకు లాక్కుని జేజి తన పథకం చెప్పింది. ఎల్లుండి కుందుర్పిలో పెళ్ళి బాడుగ ఉంది. పెట్రోల్లో నీళ్ళున్నాయని ఆమె కళ్ళారా చూసింది. నీళ్ళు తగిలితే గంజి ఉబ్బుతుంది, జిగురై ఉన్ని సందులన్నీ మూసుకుపోతాయి. "నడిమిట్లో నిలబడాల అది. పెండ్లికొడుకు దిగి ఎనక నుంచి నూకాల. నా మందను తోలుకపోతాంటే ఊరంతా చూసింది కదా, ఇదీ చూడనీ" అంది. నోరు విప్పితే నాలుక కోస్తానని కూడా అంది. అంటూ నవ్వింది. గొర్రెలు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

మా అత్త, అంటే జేజికి ఒక్కగానొక్క కూతురు, తొలికాన్పుకు అప్పుడు మా ఇంట్లోనే ఉంది. పెళ్ళి బాడుగ ఉన్న రోజు తెల్లవారుజామున ఆమెకు నొప్పులు వచ్చాయి. ఎండ ఎక్కేసరికి మంత్రసాని గదిలోంచి బయటికి వచ్చి, బిడ్డ అడ్డం తిరిగిందని, తన చేత కాదని, కళ్యాణదుర్గం ఆస్పత్రికి తీసుకుపొమ్మని చెప్పింది. పెదనాయన పెళ్ళివాళ్ళకు రానని మనిషిని పంపి, వెనక సీట్లో దుప్పట్లు పరిచాడు. అత్తను నలుగురు మోసుకొచ్చి పడుకోబెట్టారు. మంత్రసాని ఒక పక్క ఎక్కింది. అత్త నా చెయ్యి వదలకపోవడంతో నన్నూ ఎక్కించారు.

అప్పుడు జేజి వచ్చి కారుకు అడ్డంగా నిలబడింది. "ఇది వద్దు. బండి కట్టు" అంది.

"బండి పొద్దుగూకినా చేరదమ్మా."

"వద్దంటాండా."

"ఎందుకు?" అని అడిగాడు పెదనాయన. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

వాకిలి నిండా జనం. మా నాయన, మా అమ్మ, వీధిలోని ఆడవాళ్ళు, మనవడి కోసం వచ్చి కూర్చున్న జేజి వియ్యపురాలు, అంటే మా అత్తకు అత్తగారు, అందరూ జేజి ముఖం వైపే చూస్తున్నారు. ఒక్క మాట చాలు. దాంట్లో గంజి ఉండాది, తీసెయ్యి అంటే ఆయన ఆ ముక్క పీకి పారేసి, అట్లాగే పోయి ఉండేవాడు. జేజి పెదవులు కదిలాయి. వియ్యపురాలి వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. "నాకు దాని మీద నమ్మకం లేదు" అంది.

"ఇప్పుడు గూడానా అమ్మా" అని పెదనాయన ఆమె భుజాలు పట్టుకుని పక్కకు నెట్టాడు. తల్లి మీద ఆయన చెయ్యి వేయడం నేను చూసింది అదొక్కసారే. కారు కదిలింది. వెనక అద్దంలోంచి చూస్తే జేజి దుమ్ములో పరిగెత్తుకొస్తోంది. నోరు తెరిచి ఏదో అరుస్తోంది. ఆ మాట ఏమిటో నాకు తెలుసు. ఇంజను మోతలో అది ఎవరికీ వినబడలేదు.

ఊరు దాటి రాళ్ళగుట్టల మధ్యకు చేరాక కారు ఆగిపోయింది. పెదనాయన దిగి, పైపు విప్పి, నోటితో ఊది, మళ్ళీ వేశాడు. కాస్త దూరం పోయి మళ్ళీ ఆగింది. పెదనాయనా, కంబళిలో గంజి ఉండాది అని నేను అన్నాను. ఆయన టాంకీలో తుప్పు గురించి తనలో తానే మాట్లాడుకుంటున్నాడు, వినలేదు. ఇంకోసారి అన్నాను. పెద్దవాళ్ళ పనిలో నీకేమే అని మంత్రసాని కసిరింది. పదేళ్ళ ఆడపిల్ల కారు గురించి చెబితే వినే రోజులా అవి? మూడోసారి కారు ఆగేసరికి అత్త అరవడం మానేసింది. నా చెయ్యి పట్టుకున్న వేళ్ళు వదులయ్యాయి. నేను కారు దిగి, పెదనాయన చొక్కా పట్టుకుని లాగి, ఏడుస్తూ మొత్తం చెప్పాను. జేజి పాతది ఎందుకు ఇవ్వలేదో, పెళ్ళికొడుకును ఎందుకు తొయ్యించాలనుకుందో, అంతా.

ఆయన గిన్నె విప్పాడు. ముక్క ఉబ్బి, చీమిడిలా సాగే జిగురు పట్టి ఉంది. దాన్ని పిండి, చొక్కా జేబులో పెట్టుకుని, వడపోత లేకుండానే గిన్నె బిగించాడు. జిగురు అప్పటికే ఇంజను దాకా పాకింది. అదంతా విప్పి, తుడిచి, మళ్ళీ పెట్టేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ తర్వాత కారు ఎక్కడా ఆగలేదు.

అత్త బతికింది. మగబిడ్డ దక్కలేదు. కాస్త ముందు తెచ్చి ఉంటే అని డాక్టరమ్మ అంది. ఆమె మామూలుగా అందరితో అనే మాటే అయి ఉంటుంది.

మరుసటి రోజు మేం ఇంటికి వచ్చేసరికి జేజి వాకిట్లో కారు నిలిచే చోటే కూర్చుని ఉంది. అప్పటికే కబురు అందింది. పెదనాయన జేబులోంచి ఆ ముక్క తీసి, ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూశాడు. "ఇదోమ్మా, నీ మనమడు. చూసుకో" అన్నాడు.

తల్లితో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అది. తర్వాత చాలా ఏళ్ళు ఒకే కప్పు కింద ఉన్నారు. ఆమె వండింది తిన్నాడు, ఆమెకు జబ్బు చేస్తే మందులు తెచ్చాడు, ఏదైనా చెప్పాలంటే నాకు చెప్పి చెప్పించాడు. జేజి ఒకసారి నా ఎదుటే ఆయన కాళ్ళు పట్టుకుంది. ఆయన ఆమె చేతులు విడిపించుకుని, కారు తుడుచుకోవడానికి పోయాడు. మా జేజి చేసింది ఘోరమే. కానీ ఇన్నేళ్ళ తర్వాత తలచుకుంటే పెదనాయన చేసిందీ తక్కువేమీ కాదనిపిస్తుంది. అత్తకు జేజి తానే నిజం చెప్పింది. అత్త అంతా విని, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఏ కాన్పుకూ పుట్టింటికి రాలేదు.

జేజి ఆ రోజు నుంచి కారును తిట్టడం మానేసింది. పొద్దున్నే వంగి, చీపురు చాపి, దాని కింద కూడా ఊడ్చేది. కోసిన ముక్కను ఉడుకునీళ్ళలో ఉతికి ఉతికి, గంజి పూర్తిగా వదిలించి, నల్ల ఉన్నితో మళ్ళీ కంబళికి కుట్టింది. నా పెళ్ళికి అదే ఇచ్చింది. ఇప్పటికీ నా దగ్గర ఉంది. ముసురు పట్టిన రోజున ఆ ముక్క దగ్గర ముక్కు పెడితే పెట్రోలు వాసన వస్తుందని నేనంటాను, అదంతా నీ భ్రమ అని నా కోడలు అంటుంది.

కోపంలో ఎదుటివాడికి చెడు చేయాలనుకోవడం నాకు అర్థమవుతుంది. నేనూ అలాంటి మనిషినే, నా నోటికి ఇంట్లో అందరూ భయపడతారు. నాకు కొరుకుడుపడనిది ఆ రెండో సంగతి. ఎందుకు అని కన్నకొడుకు అడిగినప్పుడు, కారులో కన్నకూతురు చచ్చిపోతున్నప్పుడు, నలుగురి ముందు తలవంపులని ఆమె ఆ ఒక్క మాట మింగేసింది. ప్రేమ లేక కాదు. మా జేజికి కూతురంటే ప్రాణం. సిగ్గు అంత బలమైనదని నాకు ఆ రోజే తెలిసింది.

అందుకే నాకు సిగ్గు లేదని మా ఇంట్లో పేరు. చెయ్యకూడని పని చేసినా, అనకూడని మాట అన్నా, ఎందుకు అని ఎవరైనా అడిగితే ఎంతమంది ఉన్నా అక్కడే చెప్పేస్తాను. చుట్టాల ముందు పరువు తీస్తావని పిల్లలు విసుక్కుంటారు. తీస్తే తీశాను. ఆ ప్రశ్న చెవిన పడగానే, దుమ్ములో నోరు తెరుచుకుని పరిగెత్తుకొస్తున్న మా జేజి కళ్ళ ముందుకు వస్తుంది. నేను కారు కదలకముందే చెప్పేస్తాను.